కొన్న సాల్మన్ జన్యుమార్పిడి చేపా కాదా? లేబుల్ చూసి తేల్చుకోవడం ఎలా

"అక్కా, ఇక్కడ దొరికే ఎర్ర సాల్మన్ అంతా జీఎం (జన్యుమార్పిడి) చేపేనట కదా, పిల్లలకు పెట్టొచ్చా?" నెలకు రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. అడిగేవాళ్లలో కొందరు అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు, కొందరు మనవలను చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు. వాట్సాప్‌లో ఒక వీడియో చూసి ఉంటారు, అప్పటి నుంచి టెన్షన్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, చేపల కౌంటర్ ముందు నిలబడి నేను ఏమేం చూస్తానో వరసగా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవాల్సింది కొంచెమే. అమెరికాలో మనుషులు తినడానికి అనుమతి పొంది బజారుకు వచ్చిన జన్యుమార్పిడి చేప ఒక్కటే, దాని పేరు ఆక్వాడ్వాంటేజ్ సాల్మన్. అట్లాంటిక్ సాల్మన్‌లోకి చినూక్ అనే మరో సాల్మన్ గ్రోత్ హార్మోన్ జన్యువును చేర్చారు. ఆ జన్యువు ఏడాది పొడుగునా పనిచేసేలా ఓషన్ పౌట్ అనే చలినీటి చేప నుంచి ఒక జన్యుభాగాన్ని జతచేశారు. మామూలుగా మూడేళ్ల దాకా పట్టే ఎదుగుదల ఏడాదిన్నరలో అయిపోతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2015 నవంబరులో, కెనడా 2016లో దీనికి అనుమతి ఇచ్చాయి. తినడానికి మామూలు అట్లాంటిక్ సాల్మన్ లాగే సురక్షితమని ఎఫ్‌డీఏ తేల్చింది. ఈ చేపలు తప్పించుకుని నదుల్లో కలిస్తే ఏమవుతుందో సరిగా పరిశీలించలేదని 2020లో ఫెడరల్ కోర్టు అదే సంస్థను తప్పుపట్టింది, అనుమతిని మాత్రం రద్దు చేయలేదు.

దీన్ని పెంచిన ఆక్వాబౌంటీ కంపెనీ 2024 డిసెంబరులో చేపల పెంపకం ఆపేస్తున్నామని ప్రకటించింది. కాబట్టి ఈ రోజు మీ బుట్టలో ఉన్నది ఆ చేప అయ్యే అవకాశం దాదాపు లేదు. అయినా లేబుల్ చదవడం నేర్చుకోమనే చెబుతాను. 2017లో కెనడాలో ఈ చేప సుమారు 4.5 టన్నులు అమ్ముడైంది, లేబుల్ లేదు కాబట్టి తిన్నవాళ్లకు తెలిసే దారి లేదు. ఏ ఇంట్లో వండారో, ఏ హోటల్లో వడ్డించారో ఎవరూ చెప్పలేకపోయారు. మంచిదో చెడ్డదో తర్వాత సంగతి, డబ్బిచ్చి కొని పిల్లల పళ్లెంలో పెట్టేదేమిటో మనకు తెలియాలి కదా.

కావలసినవి

కెమెరా ఉన్న ఫోన్ (క్యూఆర్ కోడ్ చదవగలిగితే చాలు), ప్యాకెట్ లేదా కౌంటర్‌లోని ధర చీటీ, కొన్న రసీదు. చిన్న అక్షరాలు కనబడకపోతే కళ్లజోడు. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది, తర్వాత అర నిమిషం.

1. చేప పూర్తి పేరు చదవండి

"సాల్మన్" అని మాత్రమే చదివి ఆగిపోవద్దు. దాని ముందున్న మాటే అసలు సంగతి. "అట్లాంటిక్" అని ఉంటే తర్వాతి మెట్టుకు వెళ్లండి. సాకై, కోహో, కింగ్ లేదా చినూక్, కీటా లేదా చమ్, పింక్ అని ఉంటే అవి పసిఫిక్ జాతులు. వాటిలో జన్యుమార్పిడి చేప బజారుకు రాలేదు, మీ పని ఇక్కడితో అయిపోయింది. స్టీల్‌హెడ్ అంటే ట్రౌట్, దాని గురించీ బెంగ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు రంగు చూసి తీర్పు ఇవ్వడం. ముదురు ఎరుపు ఉంటే జీఎం అనుకుంటారు. నిజానికి బాగా ఎర్రగా ఉండేది అడవి సాకై. సముద్రంలో అది తినే చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల నుంచి ఆ రంగు వస్తుంది. పెంపకం చేపకు అదే రకం రంగు పదార్థాన్ని మేతలో కలుపుతారు, అందుకే ప్యాకెట్ మీద "కలర్ యాడెడ్" అని ఉంటుంది. ఆ మాటకూ జన్యువులకూ సంబంధం లేదు. ముక్కలో అడ్డంగా కనిపించే తెల్లటి కొవ్వు గీతలు కూడా అంతే. గీతలు మందంగా ఉంటే పెంపకం చేప అని ఊహించవచ్చు, అంతకు మించి ఏమీ తెలియదు.

2. అడవిదా, పెంచిందా చూడండి

అమెరికా సూపర్‌మార్కెట్లలో పచ్చి చేప, ఫ్రోజెన్ చేప మీద "వైల్డ్" లేదా "ఫార్మ్ రెయిజ్డ్" అని తప్పనిసరిగా రాయాలి. 2005 నుంచి ఇది చట్టం. కౌంటర్‌లో ఐస్ మీద పరిచిన ముక్కలకైనా పక్కన గుచ్చిన చీటీలో ఉండాలి.

"వైల్డ్ అలాస్కా" అని ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి. అలాస్కా రాష్ట్రంలో సాల్మన్ పెంపకం 1990 నుంచీ నిషేధం. ఎంఎస్‌సీ అనే నీలం చేప గుర్తు ఉన్నా అది సముద్రంలోనో నదిలోనో పట్టిన చేపే.

ఒక హెచ్చరిక. "వైల్డ్ అట్లాంటిక్ సాల్మన్" అని అమెరికాలో ఎక్కడైనా కనిపిస్తే ఆగి అడగండి. అడవి అట్లాంటిక్ సాల్మన్‌ను అమ్మకానికి పట్టడం ఇక్కడ నిషేధం. బజారులో దొరికే అట్లాంటిక్ దాదాపు అంతా పెంచిందే. చీటీ రాసినవాళ్లు పొరపాటు పడైనా ఉండాలి, ఎక్కువ ధరకు అమ్మాలని చూస్తూ అయినా ఉండాలి.

3. ఏ దేశం నుంచి వచ్చిందో చూడండి

అట్లాంటిక్, పైగా పెంచింది అని తేలింది. ఇప్పుడు దేశం పేరు వెతకండి. అదీ అదే చట్టం కింద తప్పనిసరి. నార్వే, స్కాట్లాండ్, ఫారో దీవులు, చిలీ అని ఉంటే మన వెతుకులాట ముగిసింది. ఆక్వాడ్వాంటేజ్ ఆ దేశాల్లో ఎప్పుడూ పెరగలేదు. గుడ్లు కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో తయారయ్యేవి, చేపలు మొదట పనామా కొండల్లో, తర్వాత అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో పెరిగాయి. కాబట్టి కెనడా, అమెరికా, పనామా అని ఉన్న పెంపకం అట్లాంటిక్ సాల్మన్‌కే నాలుగో మెట్టు అవసరం. కెనడా అని కనబడగానే పక్కన పెట్టేయకండి. అక్కడ సముద్రపు వలల్లో పెరిగే సాల్మన్ అంతా మామూలుదే.

పెంపకం చేప మీద ఏఎస్‌సీ అనే ఆకుపచ్చ గుర్తు ఉంటే అదీ పనికొస్తుంది. ఆ ప్రమాణం ప్రకారం జన్యుమార్పిడి సాల్మన్‌ను పెంచకూడదు.

ఈ చట్టానికి రెండు కన్నాలున్నాయి. పొగబెట్టిన, వండిన, పిండి అద్దిన, డబ్బాలో పెట్టిన చేపకు ఇది వర్తించదు. చేపలు మాత్రమే అమ్మే దుకాణాలూ దీని కిందికి రావు. అలాంటి చోట చీటీ లేదని గొడవ పడి లాభం లేదు, నోటితో అడగాల్సిందే. తెలిసిన దుకాణమైతే, "పెట్టె మీద లేబుల్ ఒకసారి చూపించండి" అని అడగండి. చేప వచ్చిన అట్టపెట్టె మీద అన్నీ ఉంటాయి. మా ఇంటి దగ్గర చేపలు కోసే పెద్దాయన మొదటిసారి విసుక్కున్నాడు. ఇప్పుడు నన్ను చూడగానే అట్టముక్క చింపి చేతికిస్తాడు.

4. "బయోఇంజినీర్డ్" అనే మాట వెతకండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి "జీఎంఓ" అనే అక్షరాల కోసం చూస్తారు. కనబడదు. "హమ్మయ్య" అని బుట్టలో వేసుకుంటారు. అమెరికా చట్టం ఎంచుకున్న మాట "జీఎంఓ" కాదు, "బయోఇంజినీర్డ్". 2022 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. ఆ చట్టం కింద ప్రకటించిన ఆహారాల జాబితాలో ఆక్వాడ్వాంటేజ్ సాల్మన్ పేరు నేరుగా ఉంది.

కంపెనీ ఈ సంగతిని నాలుగు రకాల్లో ఏదో ఒక రకంగా చెప్పవచ్చు. కాబట్టి నాలుగూ వెతకండి:

మొదటిది, మామూలు అక్షరాల్లో "బయోఇంజినీర్డ్ ఫుడ్" లేదా "కంటెయిన్స్ ఎ బయోఇంజినీర్డ్ ఫుడ్ ఇంగ్రీడియెంట్" అనే వాక్యం.

రెండోది గుండ్రటి బొమ్మ. లోపల సూర్యుడు, మొక్క, పొలం, అంచున ఆ మాట. పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది కాబట్టి సేంద్రియ ఆహారం గుర్తనుకుని మోసపోవద్దు.

మూడోది క్యూఆర్ కోడ్. పక్కన "స్కాన్ హియర్ ఫర్ మోర్ ఫుడ్ ఇన్ఫర్మేషన్" అని మాత్రమే ఉంటుంది, బయోఇంజినీర్డ్ అనే మాటే ఉండదు. వంటల వీడియో వస్తుందేమో అనుకుని వదిలేస్తాం. తప్పకుండా స్కాన్ చేయండి. సిగ్నల్ లేకపోతే కోడ్ దగ్గరే ఫోన్ నంబరు ఉండాలి, దానికి చేయవచ్చు.

నాలుగోది, ఒక నంబరుకు మెసేజ్ పంపితే జవాబు వచ్చే పద్ధతి.

కౌంటర్‌లో విడిగా అమ్మే చేపకు కూడా, అది బయోఇంజినీర్డ్ అయితే, అక్కడ బోర్డు పెట్టాల్సిన బాధ్యత దుకాణానిదే.

ఇప్పుడు ఒక ముఖ్యమైన జాగ్రత్త. మా స్నేహితురాలి అత్తగారు పిల్లల కోసం తెచ్చిన ఫిష్ స్టిక్స్ పెట్టె మీద ఆ వాక్యం చదివి, పెట్టెలు రెండూ చెత్తబుట్టలో పడేశారు. నేను వెళ్లేసరికి ఇంట్లో పెద్ద చర్చ. పెట్టెను బయటికి తీసి పదార్థాల జాబితా చదివాం. అందులో ఉన్నది పొలాక్ అనే చేప, సముద్రంలో పట్టింది. పైన అద్దిన పిండిలో మొక్కజొన్న, సోయా ఉన్నాయి. అమెరికాలో పండే ఆ రెండు పంటలూ దాదాపు జన్యుమార్పిడివే. "కంటెయిన్స్" అని మొదలయ్యే వాక్యం చేప గురించే అని అనుకోకండి. మసాలా పట్టించిన, పిండి అద్దిన, సాస్‌లో వేసిన చేప మీద ఆ మాట ఉంటే అది ఎక్కువగా పిండి గురించో నూనె గురించో అయి ఉంటుంది. వద్దనుకుంటే మానేయండి, అది మీ ఇష్టం. కానీ దేన్ని వద్దంటున్నారో తెలిసి మానేయండి.

ఇంకో సంగతి కూడా ఈ లేబుల్ చెప్పదు. చేప తిన్న మేతలో జన్యుమార్పిడి సోయా ఉన్నంత మాత్రాన ఆ చేప బయోఇంజినీర్డ్ కాదని చట్టం అంటుంది. మేత విషయంలో కూడా పట్టింపు ఉన్నవాళ్లకు అడవి చేపే తేలిక దారి. "ఆర్గానిక్ సాల్మన్" అనే మాట మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పెంపకం చేపలకు అమెరికా ప్రభుత్వ ఆర్గానిక్ ప్రమాణం లేదు. ఆ మాట కనబడితే అది వేరే దేశపు ధ్రువీకరణ.

5. లేబుల్ లేని చోట అడగండి

హోటళ్లు, క్యాంటీన్లు, బఫేలు, సూపర్‌మార్కెట్‌లోనే వండి అమ్మే డెలి కౌంటర్, వీటన్నిటికీ ఈ బయోఇంజినీర్డ్ చట్టంలో మినహాయింపు ఉంది. ఏడాదికి 25 లక్షల డాలర్ల లోపు వ్యాపారం చేసే చిన్న తయారీదారులకూ మినహాయింపే. 2021లో ఇండియానా చేప మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడు లేబుల్ అక్కర్లేని హోటళ్ల దారి పట్టింది. హోల్ ఫుడ్స్, ట్రేడర్ జోస్, క్రోగర్, సేఫ్‌వే లాంటి పెద్ద దుకాణాలు అమ్మబోమని అంతకు ముందే చెప్పేశాయి. అంటే ఇంట్లో వండుకునేవాళ్లకు కనబడే చీటీ, బయట తినేవాళ్లకు కనబడదు. ఇది నాకు అస్సలు నచ్చని సంగతి.

సర్వర్‌ను "ఇది జీఎంఓనా?" అని అడిగితే "నో నో" అనే జవాబే వస్తుంది, ఎందుకంటే అతనికి తెలియదు. బదులుగా, "సాల్మన్ అట్లాంటిక్కా, పసిఫిక్కా? ఏ దేశం నుంచి వస్తుంది?" అని అడగండి. వంటగదిలోకి వెళ్లి పెట్టె చూసి వచ్చి చెబుతారు. పైన చెప్పిన మెట్ల ప్రకారం మిగతాది మీరే తేల్చుకోవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడటానికి మొహమాటపడే అమ్మానాన్నలకు ఈ రెండు ప్రశ్నలు ఫోన్‌లో టైపు చేసి పెట్టండి, చూపిస్తే చాలు.

6. కెనడాలో ఉంటే

అక్కడ జన్యుమార్పిడి ఆహారానికి లేబుల్ తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్లు వేస్తారు. నాలుగో మెట్టు మీకు పనిచేయదు. చీటీలో ఆ వివరాలు ఉంటే ఒకటి, రెండు, మూడు మాత్రం పనిచేస్తాయి. అనుమానం ఉంటే పసిఫిక్ సాకై కొనుక్కోండి. బ్రిటిష్ కొలంబియా తీరంలో పట్టే చేప, ఫ్రోజెన్‌గా అన్ని చోట్లా దొరుకుతుంది.

పులుసు పెట్టేవాళ్లకు ఒక మాట. సాకైలో కొవ్వు తక్కువ. బొచ్చె ముక్కల్లా మొదటి నుంచీ ఉడికిస్తే పీచులా అయిపోతుంది. పులుసు చిక్కబడ్డాక ముక్కలు వేసి, ఆరేడు నిమిషాల్లో దించేయండి. అట్లాంటిక్ సాల్మన్ అయితే నూనె బాగా వదులుతుంది కాబట్టి తాలింపులో నూనె సగం చాలు.

7. ఆంధ్ర, తెలంగాణలో ఉంటే

అక్కడి నుంచి వచ్చే ప్రశ్నలు వేరు. "చెరువు చేపలన్నీ హైబ్రిడ్, జీఎం అంటున్నారు, నిజమేనా?" కాదు. మన దేశంలో తినడానికి ఏ జన్యుమార్పిడి చేపకూ అనుమతి లేదు. 2006 ఆహార భద్రత చట్టం 22వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా జీఎం ఆహారం తయారు చేయడం, అమ్మడం, దిగుమతి చేయడం నేరం. ప్యాకెట్‌లో అమ్మే జీఎం ఆహారం మీద పైభాగాన "జీఎం" అని రాయాలన్న నియమం 2013 జనవరి నుంచి ఉంది.

గందరగోళం ఎక్కడ వస్తుందంటే, గిఫ్ట్ తిలాపియా పేరులో "జెనెటికల్లీ ఇంప్రూవ్డ్" అనే మాట ఉంది. అది విని జీఎం అనుకుంటారు. అది మంచి చేపలను ఏరి, వాటితో పిల్లలు పెట్టించి, మళ్లీ ఏరి తయారు చేసిన రకం. మన రైతు మంచి గేదెను చూసి దూడ తీసుకున్నట్టే. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ తెచ్చిన జయంతి రోహు కూడా అంతే. వెనామీ రొయ్యా అంతే. రూప్‌చంద్, ఫంగస్ అని పిలిచే పంగాసియస్ బయటి దేశాల చేపలు, అంతవరకే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను నిషేధించారు, దానికి కారణం జన్యువులు కాదు, అది చెరువుల్లోని మిగతా చేపలను తినేస్తుంది.

హైదరాబాద్ దుకాణాల్లో నార్వే సాల్మన్ కొనేవాళ్లు ప్యాకెట్ మీద దేశం, దిగుమతిదారు పేరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూడండి. ఇవి లేకుండా తెల్ల ప్లాస్టిక్ కవరులో కట్టి ఇస్తే తీసుకోవద్దు. బజారు చేపకైతే జన్యువుల కంటే తాజాదనం చూడటం ముఖ్యం. కన్ను ఉబ్బి మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, నొక్కితే సొట్ట నిలవకూడదు. చేప పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలిపారని అనుమానం ఉంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారు చేసిన పరీక్ష కాగితాలు ఉన్నాయి. ఫిర్యాదు చేయాలంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్.

8. తేడా కనబడితే

లేబుల్‌ను, ధర చీటీని, రసీదును ఫొటో తీయండి. చీటీ మర్నాటికి మారిపోవచ్చు. ముందు దుకాణం మేనేజరును అడగండి, ఎక్కువసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే అమెరికా వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో బయోఇంజినీర్డ్ ఫిర్యాదు ఫారం ఉంది. ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఈ చట్టం కింద ఆ శాఖ జరిమానా వేయలేదు, సరుకు వెనక్కి రప్పించలేదు. విచారణ జరిపి ఫలితం బయట పెట్టడం వరకే. అయినా రాయండి. దుకాణదారులు భయపడేది ఆ బయట పెట్టడానికే.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఇంట్లో పరీక్షించే పద్ధతులేవీ నమ్మకండి. ఉప్పు నీళ్లలో వేయడం, వేడి చేస్తే తెల్లటిది బయటికి రావడం లాంటివి వీడియోల్లో చూపిస్తుంటారు. ఆ తెల్లటిది ప్రొటీన్, ఏ సాల్మన్‌కైనా వస్తుంది. చూపుతో, వాసనతో, రుచితో జన్యుమార్పిడి తెలియదు. ల్యాబ్‌లో కూడా చేప జాతి చెప్పే మామూలు డీఎన్ఏ పరీక్ష సరిపోదు, అది "అట్లాంటిక్ సాల్మన్" అని చెప్పి ఊరుకుంటుంది. చేర్చిన జన్యువు కోసమే చేసే ప్రత్యేక పరీక్ష కావాలి.

మన చేతిలో ఉన్న పరీక్ష ఇది. ఫ్రీజర్ తెరిచి, అందులో ఉన్న ప్రతి చేప ప్యాకెట్‌కూ నాలుగు సంగతులు చెప్పగలరేమో చూడండి: ఏ జాతి, అడవిదా పెంచిందా, ఏ దేశం, బయోఇంజినీర్డ్ అనే మాట ఉందా. "సాకై, అడవిది, అలాస్కా, లేదు." "అట్లాంటిక్, పెంచింది, నార్వే, లేదు." ఇలా నాలుగూ గబగబా వస్తే మీ పని సరిగ్గా అయినట్టు. కవరు మార్చి డబ్బాల్లో సర్దుకునే అలవాటు ఉంటే, చింపిన లేబుల్ ముక్కను డబ్బా మూతకు అతికించండి. మా అమ్మ పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడు మా ఫ్రీజర్‌లో లేబుల్ లేని డబ్బా ఒక్కటీ లేదు.